డాక్టరమ్మ ముందు పైడి నడక

మంగళవారం రాత్రి

వికలాంగుల పింఛను కోసం ఈ రోజు మనవరాలు పైడిని అనకాపల్లిలో సదరం క్యాంపుకి తీసుకెళ్ళాం. నలభై శాతం లోపం ఉందని డాక్టరు రాస్తేనే పింఛను. బస్సులో కోడలు దాని చెవిలో పోరుతూనే ఉంది.

"నడవమంటే నాకు రాదని సెప్పు. తెలిసిందేటి?"

నాకు ఒళ్ళు మండింది. "మనింటి పిల్ల పదిమందిలో రాదనడవేటి? నోర్ముయ్యి" అని కసిరాను.

ఏడేళ్ళొచ్చినా ఇంట్లో అది గోడ పట్టుకోకుండా అడుగు వేయదు. అక్కడ డాక్టరమ్మ "ఏదీ, నడువమ్మా" అనగానే నా చెయ్యి వదిలేసింది. పళ్ళు బిగబట్టి, ఊగుతూ బల్ల దాకా వెళ్ళి నిలబడింది. నా నోరు ఊరుకోదు కదా, "శభాష్" అనేశాను. డాక్టరమ్మ ఏదో రాసుకుంది. ఇంటి దగ్గర ఇలా నడవదని తరవాత చెప్పాను. శభాష్ అన్నవాడి మాట ఎవరు నమ్ముతారు?

చోడవరంలో బస్సు దిగాక కోడలు అడిగింది.

"పింఛను రాకపోతే దాని కాలికి కట్టే బూట్లు ఏటెట్టి కొంటారు మావయ్యా?"

ఫలితం ఇంకా రాలేదు. శాతం తక్కువొస్తే మళ్ళీ పరీక్షకి అర్జీ పెట్టుకోవచ్చట.

ఇందాక పైడి నా మంచం మీదకి పాకి వచ్చింది.

"తాతా, డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ ఎప్పుడెల్తాం? ఈసారి గుమ్మం దాకా నడిసేస్తాను."

మళ్ళీ పిలిస్తే దానికి ఏం చెప్పి తీసుకెళ్ళాలో నాకు తోచడం లేదు.