రెండు తూటాల పట్టు

దోహా, 1996, శుక్రవారం రాత్రి

బైబిల్లో కత్తులను నాగళ్ళుగా సాగగొట్టే వాక్యం ఎత్తుకుని, ఈరోజు మా గదిలో జరిగిన ప్రార్థనలో అందరి ముందూ జాన్‌ని కడిగేశాను. షూటింగ్ క్లబ్బులో నాతో పనిచేసే వాడు, నాకు తమ్ముడి కింద లెక్క. పోటీల్లో ఒక్క పట్టున రెండేసి తూటాలు తుపాకీలోకి ఎక్కించే పద్ధతిని ఇప్పుడు కాపలా గార్డులకు నేర్పుతున్నాడు.

"పోటీలో తుపాకీ వంక చూసి నింపుతాం అన్నయ్యా. గార్డు కళ్ళు దించితే చస్తాడు. అందుకే చూపు గుమ్మం మీదుంచి, చేత్తో తడిమి నింపమంటున్నా. వాళ్ళవి ప్రాణాలు కావా?" అన్నాడు.

"నెత్తురు నేర్పేవాడికి ఈ గదిలో చోటు లేదు" అని అరిచాను.

పాటల పుస్తకం చాప మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆమేన్ ఎవరూ అనలేదు.

ప్రభువా, ఆ పట్టు వాడికి నేర్పింది నేనే. వాడు మాత్రం ఆ సంగతి అందరి ముందూ అనలేదు.