అంబాజీపేట జి.ఆర్. మోడల్

అంబాజీపేట,
4-1-1988

సేల్స్ ఆఫీసరు గారికి, లారీ ఓనర్ల సంఘం గుమాస్తా గోవిందరాజులు నమస్కరించి వ్రాయునది.

పేపర్లో మీ కంప్యూటర్ల ప్రకటన చూసి మా ప్రెసిడెంటు సత్తియ్యగారు ముచ్చటపడ్డారు. కొబ్బరికాయలు ఎత్తడానికి ఏ లారీ తరవాత ఏ లారీ వెళ్లాలో వరస చెప్పడమే మా ఆఫీసు పని. దానికో మిషను పెడదామంటున్నారు. మీ దగ్గర రెండు రకాలున్నాయిట. ఒకదాంట్లో 8088 అనే ప్రాసెసరు, రెండోదాంట్లో 80286 అనేది. మా వైపు అంకెల పేర్లతో వచ్చేవి వరి విత్తనాలే. వాటినైతే ఎన్నాళ్ల పంట, ఎకరానికి ఎన్ని బస్తాలు అని అడుగుతాం. వీటిని ఏమడగాలో తెలియదు. ఏది ఎక్కువ పని చేస్తుందో, పెట్టిన డబ్బుకి ఏది నయమో విడమరిచి రాయగలరు.

"మన జి.ఆర్. కన్నా అవి ఎంత మెరుగో కూడా తెలియాలండోయ్" అని ప్రెసిడెంటుగారు నా ఎదురుగానే కేషియరు తాతబ్బాయితో అన్నారు. "ఆయ్, తెలియాలండి" అన్నాడతను.

ఇట్లు,
గోవిందరాజులు

తా.క.: జవాబు ఆఫీసుకి కాకుండా మా ఇంటికి రాయండి. పోస్టుమాన్ మా వీధిలోకి వచ్చి చాలాకాలమైంది. దారి మరిచిపోతాడేమోనని భయంగా ఉంది.


విశాఖపట్నం,
12-1-1988

గోవిందరాజులు గారికి నమస్కారాలు.

రెండు ప్రాసెసర్లూ లోపల పదహారేసి అంకెలు ఒక్కసారే చూస్తాయి. కానీ 8088కి గుమ్మం ఇరుకు. ఎనిమిదేసి చొప్పునే లోపలికి వస్తాయి. 286కి గుమ్మం కూడా పెద్దదే. మొదటిది సెకనుకి నలభై ఎనిమిది లక్షల అడుగులు వేస్తే, రెండోది ఎనభై లక్షలు వేస్తుంది, ఒక్కో అడుగులో చేసే పనీ ఎక్కువే. మొత్తం మీద మూడింతల పైమాట. మిషను ధర మొదటిది నలభై రెండు వేలు, రెండోది తొంభై వేలు. నా సలహా 286.

పోతే, మీరు రాసిన జి.ఆర్. మోడల్ పేరు మా కంపెనీలో ఎవరూ వినలేదు. తయారీ ఎక్కడ? ఎన్నేళ్లుగా వాడుతున్నారు? జ్ఞాపకశక్తి ఎంత? కరెంటు ఎంత తాగుతుంది? సర్వీసు ఎవరు చేస్తున్నారు? దయచేసి ఒక్కటీ వదలకుండా రాయండి.

భవదీయుడు,
ఎం. దేవదానం, సేల్స్ ఆఫీసరు

తా.క.: పోటీ కంపెనీ కోనసీమలోకి మనకంటే ముందు ఎలా దూరిందని మా మేనేజరు నిన్నంతా నామీద కేకలేశారు.


అంబాజీపేట,
20-1-1988

దేవదానం గారికి ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. మూడుసార్లు చదివేను. మీరడిగినవాటికి వరసగా జవాబులు.

జి.ఆర్. తయారీ కపిలేశ్వరపురంలో. ఈ ఆఫీసుకి వచ్చి ఇరవైతొమ్మిదేళ్లు. జ్ఞాపకశక్తి అంటే, మూడువందల నలభై లారీల నంబర్లు, వాటి డ్రైవర్లు, ఎవరు ఏ రాష్ట్రం వెళ్లి ఏ రోజున తిరిగొచ్చారో, అన్నీ పుస్తకం తెరవకుండానే చెబుతుంది. వేగం సంగతికొస్తే, డ్రైవరు పోతురాజు గుమ్మంలోకి రాకముందే హారన్ విని అతని వరస చెప్పేస్తుంది. కరెంటు అక్కర్లేదు. రోజుకి రెండు కాఫీల ఖర్చు. లోపాలు లేకపోలేదు. వానాకాలంలో కీళ్లు పట్టేస్తాయి.

సర్వీసు అడిగేరు. అదంతా ఆదిలక్ష్మి చూసుకునేది. నాలుగేళ్ల కిందట ఆవిడ పోయింది. అప్పట్నించీ ఎలా ఉందని అడిగినవాళ్లు లేరు.

ఇట్లు,
గోవిందరాజులు

తా.క.: చప్పుడు చేస్తుందా అని మీరు అడగలేదు. ఆఫీసులో చేయదు. సాయంత్రం ఇంటికొచ్చాక తనలో తను మాట్లాడుకుంటుంది.


విశాఖపట్నం,
9-2-1988

గోవిందరాజులు గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం ఇక్కడ పెద్ద గొడవే లేపింది. 1959లోనే అంబాజీపేటలో కంప్యూటరు ఉందంటే ఎవరూ నమ్మడంలేదు. పైగా రోజూ ఇంటికి మోసుకెళ్లేటంత తేలికా? రష్యావాళ్ల సహాయం ఉండి ఉంటుందని మా మేనేజరు అనుమానం. రెండు కాఫీలు మెకానిక్కుకి అయి ఉంటాయని తేల్చారు.

అయినా ఒక్క మాట ఆలోచించండి. ఆదిలక్ష్మిగారు పోయాక ఆ కంపెనీ మూతపడినట్టే కదా. చూసేవాళ్లు లేని పాత మిషనుని నమ్ముకోకూడదు. ఒకరోజు ఉన్నట్టుండి ఆగిపోతే ఎవరికీ తెలియను కూడా తెలియదు. అందుకని జి.ఆర్.ను మాకిచ్చేయండి. దానికి అయిదువేలు కట్టి, 286 ధరలో తగ్గిస్తాం. 27వ తేదీ శనివారం నేనే వచ్చి తీసుకువెళతాను.

భవదీయుడు,
ఎం. దేవదానం

తా.క.: తనలో తను మాట్లాడుకోవడం ఒంటరి గదిలో వదిలేయడం వల్ల కావచ్చు. ఇది కంపెనీ అభిప్రాయం కాదు, నాది. నేను లాడ్జి గదిలో ఉంటాను. ఆదివారాలు రేడియోకి జవాబులు చెబుతుంటాను.


అంబాజీపేట,
23-2-1988

దేవదానం బాబుకి గోవిందరాజులు క్షమాపణతో రాయునది.

జి.ఆర్. అంటే నేనే. ఆఫీసులో అందరూ అలాగే పిలుస్తారు. ఆదిలక్ష్మి మా ఆవిడ. మొదటి ఉత్తరంలో నేను కావాలని ఏమీ చేయలేదు. నువ్వే మిషను అనుకున్నావు. రెండోసారి దిద్దవలసింది. దిద్దలేదు. ఎలా ఉంది, జ్ఞాపకం ఎలా ఉంది, ఎవరు చూసుకుంటున్నారు అని నువ్వు వరసపెట్టి అడుగుతుంటే, మిషను కాదని చెప్పబుద్ధి కాలేదు.

నాకు ఇంకా రెండేళ్ల సర్వీసుంది. మిషను వస్తే ఇంటికి పొమ్మంటారని భయం. జీతం లేకపోయినా ఎలాగో బతుకుతాను. పొద్దున్నే చొక్కా తొడుక్కుని ఎక్కడికి వెళ్లాలో తెలియదు.

అయినా రిపోర్టు సక్రమంగానే రాసి ప్రెసిడెంటుగారికి ఇచ్చేశాను. రోజుకి పాతిక లారీల వరస చెప్పడానికి 286 దండగ, 8088 చాలు, సగం ధరే అని రాశాను. జి.ఆర్. అన్న చోట మాత్రం ఏమీ రాయలేకపోయాను.

శనివారం నేను ఊళ్లో ఉండను. మొహం చూపించలేక కపిలేశ్వరపురం మా అక్క బుచ్చమ్మ ఇంటికి పోతున్నాను. నువ్వు రాకు. బస్సు ఛార్జీలు దండగ.

ఇట్లు,
గోవిందరాజులు

తా.క.: నాకు అయిదువేలు కట్టావు. పెళ్లిచూపుల్లో కూడా ఎవరూ అంత కట్టలేదు.


విశాఖపట్నం,
3-3-1988

బాబాయిగారికి దేవదానం నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం చేరేసరికి నేను బయల్దేరిపోయాను. తిరిగొచ్చాకే చదివాను. శనివారం మీ ఆఫీసు ముందు దిగి, "జి.ఆర్.ని తీసుకెళ్లడానికి వచ్చానండి" అన్నాను. అంతే, లారీల కిందనించి, లారీల మీదనించి డ్రైవర్లందరూ వచ్చేశారు.

"ఎక్కడికి తీసుకెళ్తారండీ? ఆయన ఏం చేసేరనండీ?" అన్నాడు పోతురాజు. నన్ను పోలీసనుకున్నాడు.

"అయిదువేలు ఇస్తున్నామండీ" అన్నాను.

"మేం ఆరువేలు పోగేస్తామండి. మా జి.ఆర్. గారిని వదిలేయండి" అన్నాడతను, కళ్లనీళ్లు పెట్టుకుని. అప్పటికిగాని నాకు సంగతి తెలియలేదు. అంతమందిలో మీరొక్కరే లేరు.

సత్తియ్యగారు మీ రిపోర్టు బల్లమీద పెట్టి, "అయితే 8088 ఖాయం చేసేద్దామాండీ?" అన్నారు. సంతకం చేయించుకుని రావలసినవాణ్ణి. కానీ, "ఇప్పుడు ఏదీ కొనకండి. వీటి ధరలు ఏటేటా పడిపోతున్నాయి. రెండేళ్లాగితే 8088 ధరకే 286 వస్తుంది" అన్నాను.

"అమ్మడానికొచ్చి కొనొద్దంటారేంటండీ!" అని ఆయన తెల్లబోయారు. తరవాత డబ్బు మిగిలిందని తెగ సంబరపడి నాకు భోజనం పెట్టించారు. "రెండేళ్లంటే మన జి.ఆర్. రిటైరయ్యేదాకానన్నమాట. బాగుందండి" అన్నారు. నేను చెప్పింది నిజమే, బాబాయిగారూ. ఆ నిజాన్ని మా కంపెనీవాళ్లు మేం అమ్మేటప్పుడు చెప్పొద్దన్నారంతే.

సోమవారం నన్ను జబల్పూరు బదిలీ చేశారు. ఒకటో తరగతి టిక్కెట్టు కూడా ఇవ్వలేదు.

ఇట్లు,
దేవదానం

తా.క.: కొత్త అడ్రసు వెనకవైపు రాశాను. అక్కడ మా ఆఫీసులో తెలుగువాళ్లెవరూ లేరుట. ఏదీ కొనక్కర్లేదు. ఉత్తరం మాత్రం కాస్త పొడుగ్గా రాయండి.