ఏడు దినాల చీటీ

వదినా, దండాలు. నువ్వు పోయి నేటికి నలభై మూడు రోజులు.

ముందు నేరం పేరు చెప్తాను. ఏడు రోజులకు రాసిన నల్లమందు గోలీలను నా చేత ఏడు నెలలు మింగించినవాడు గుట్ట కింది దవాఖాన కాంపౌండరు. మింగించమన్నవాడు రాళ్ళు కొట్టించే గుత్తేదారు. ఇది శామీర్‌పేట అంగట్లో నిలబడి నేను అరిచిన మాట. రెండో నేరం సంగతి ఎక్కడా అరవలేదు... అది ముందు నీకే చెప్పాలి.

నా కాలి మీద బండ పడ్డ నాడు డాక్టరు చీటీ రాశాడు, గుర్తుందా? నొప్పి నెలకే తగ్గింది. అయినా రోజూ పొద్దున కాంపౌండరు గోలీ చేతిలో పెట్టేవాడు, నేను సమ్మెట ఎత్తేవాణ్ణి. గోలీ పడ్డ మనిషి కూలి పెంచమని అడగడు వదినా. ఎండ తెలియదు, ఆకలి తెలియదు. గోలీ అందని రోజు ముక్కు కారేది, పిక్కలు పట్టుకుపోయేవి. జ్వరమనుకున్నాను. కూలీల సంఘం కరపత్రాలన్నీ కంఠతా వచ్చిన నాకు నా చీటీ చదవడం రాలేదు. అది ఉర్దూలో ఉంది. ఒకరిని అడగడానికి నామోషీ.

నువ్వే అది పట్టుకుని అలియాబాద్ నడిచావు, ఖాసిం మామ చేత చదివించడానికి. తిరిగొచ్చి గుమ్మంలోనే అన్నావు: "ఏడు దినాలకే రాసిండంట మర్దీ. నీకు ఏడు నెలలాయె. ఊరందరికి సదివి ఇనిపిస్తవు, గిది సదవరాలేదా?"

నవ్వుతూనే అన్నావు... ఆ నవ్వు మీద కోపంతో చెంబు విసిరాను.

ఆ తర్వాత నీ అడకత్తెర. దవాఖాన నుంచి గోలీ నువ్వే తెచ్చి, రోజూ ఇంకాస్త ఎక్కువ కత్తిరించి, మిగిలిందే నాకిచ్చేదానివి. దొంగా అన్నాను. ఇంకా ఏమేమన్నానో ఇక్కడ రాయలేను. నువ్వు వక్క కత్తిరిస్తున్నంత నిమ్మళంగా ఉండేదానివి. "తిట్టు మర్దీ, మస్తు తిట్టు. రేపు ఇంకింత సిన్నగ జేస్త." నా వాంతులు ఎత్తావు, కాళ్ళకు ఆముదం రాశావు. వానలు పడేసరికి కత్తిరించడానికి ఏమీ మిగలలేదు. ఆ రోజు ఒట్టు పెట్టుకున్నాను, ఈ ఇంట్లోకి ఇక గోలీ రాదని.

ఆ ఒట్టు నీకు తగిలింది.

నీ కడుపులో గడ్డ చూసి డాక్టరు, ఇక చేయగలిగింది లేదు, నొప్పి తెలియకుండా చూడండి అన్నాడు. గోలీలకు చీటీ రాశాడు. అన్న అది నా చేతిలో పెట్టి దవాఖానకు పొమ్మన్నాడు. చింపేశాను. నీ మంచం పక్కన నిలబడి, ఇది గుత్తేదారు విషం, పేదవాడి మెదడుకు వేసిన సంకెల అని ఉపన్యాసం ఇచ్చాను. నువ్వు దుప్పటి కొస పళ్ళ మధ్య పెట్టుకుని విన్నావు.

"ఒక్కటే మర్దీ... ఊఁ అను."

అనలేదు. మూడు రోజులు అనలేదు. మళ్ళీ చీటీ కోసం డాక్టరు ఉండే సికింద్రాబాద్ పోయిన అన్న తిరిగొచ్చేసరికి నువ్వు లేవు.

మొన్న నీ మంచం పక్క గూట్లో నీ ముక్కుపొడి డబ్బా దొరికింది. దాని నిండా నా గోలీల నుంచి నువ్వు కత్తిరించిన ముక్కలు. పారేస్తే నేను ఏరుకుంటానని దాచావేమో. చెయ్యి చాస్తే అందేంత దూరం... ఒక్క ముక్క ఎందుకు వేసుకోలేదు? నా ఒట్టు నిలబెట్టడానికా? నేను ఊఁ అంటానని చివరిదాకా చూశావా? ఆ వాసనకే నా పిక్కలు లాగాయి వదినా. మూత పెట్టేశాను.

దవాఖాన తగలబెడదామంటున్నారు కూలీలు. మొన్నటి నేనైతే అగ్గిపెట్టె తెచ్చేవాణ్ణి. రేపు ఎవరింట్లో ఎవరికి నీ నొప్పి వస్తుందో? తగలబెట్టం. మెట్ల మీద కూర్చుంటాం. ప్రతి చీటీని ఖాసిం మామ పైకి చదువుతాడు, ఎవరికి, ఎన్ని రోజులకు అని. అంతకు ఒక్క గోలీ ఎక్కువ వద్దు, ఒక్కటి తక్కువ వద్దు. అన్న కూడా వస్తానన్నాడు. నువ్వు పోయాక అతను నాతో అన్న మొదటి మాట అదే.

ఈ ఉత్తరం అక్కడ చదువుతాను. నీ డబ్బా డాక్టరు ముందు పెడతాను. నేను చింపిన చీటీ సంగతి అందరి ముందూ ఒప్పుకుంటాను. మేడ్చల్ నుంచి రాళ్ళు కొట్టేవాళ్ళు, ఇళ్ళల్లో నొప్పితో పళ్ళు బిగబట్టినవాళ్ళ తరఫువాళ్ళు, అందరూ రావాలి. గురువారం, అంగడి రోజు, డాక్టరు మోటారు వచ్చే పది గంటలకు, దవాఖాన మెట్ల దగ్గర.

నీ మర్ది