నడిమి మట్టి

జూలై 2
వాగు కట్ట పని మొదలైంది. షామీర్‌పేట వైపు నుంచి టిప్పర్లు వస్తున్నాయి. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, ఊరుకోలేక గండి వెడల్పు మళ్లీ కొలిపించాను. ఇంజినీర్ అమ్మాయి ప్రణీత ఓపిగ్గా టేపు పట్టుకుంది. మంచి పిల్ల. జుట్టు మాత్రం ముడేసుకోదు.

ఆ గండి వాన చేసింది కాదు, మేం చేసింది. బతుకమ్మలతో నీళ్లలోకి దిగడానికి వీలుగా ఉండాలని ఏటా కట్టను అక్కడ కొంచెం కొంచెం చెక్కుతూ వచ్చాం. నిరుడు వాగు కూడా అదే దారిన మా వాడలోకి దిగింది. ముందు శంకరమ్మ ఇంట్లోకి, తర్వాత మా ఇంట్లోకి. మా ఫ్రిజ్ తేలింది.

జూలై 5
శంకరమ్మ గండిలో కుర్చీ వేసుకుని కూర్చుంది. మా వాడలో బతుకమ్మ పాట ఎత్తేది ఆమే. గీ దారి మూస్తే బతుకమ్మను నీ బాత్రూంల సాగనంపాల్నా టీచరమ్మా, అని నన్ను అడిగింది. ముందు మునిగేది నీ ఇల్లే కదా అన్నాను. ఇల్లు మునిగితే ఎండుతది, అమ్మ ఊకుంటదా, అంది. టిప్పర్ డ్రైవర్లు నవ్వారు. నేను నవ్వలేదు.

జూలై 6
నీళ్ల వైపు రాతి మెట్లు వేయిస్తానని ప్రణీత డ్రాయింగ్ తెచ్చింది. శంకరమ్మ దానివైపు చూడనైనా లేదు. మెట్టు నా మోకాలు జూసి కట్టాలె బిడ్డా, అంది. ప్రణీత నిజంగానే టేపు తీసి ఆమె మోకాలి ఎత్తు కొలిచింది.

కుర్చీ లేచింది.

జూలై 9
గండిలో మట్టి పోయడానికి అంతా సిద్ధం. రాత్రి వానకు, ఆ మట్టిని తొక్కాల్సిన రోలర్ దారిలోనే బురదలో దిగబడింది. ఎల్లుండి నుంచి భారీ వర్షాలని అందరి ఫోన్లకూ అలర్ట్ వచ్చింది. తొక్కని మట్టి కట్ట కాదు, కుప్ప. మొదటి వరదకే పోతుంది. దాని వెనక మా ఇళ్లు.

జూలై 10, ఉదయం
కాళ్లతో తొక్కుదామని నిర్ణయించాం. పలచగా ఒక వరస పోయడం, తొక్కడం, మళ్లీ పోయడం. పది నిమిషాల్లో ఆడవాళ్లంతా ముచ్చట్లలో పడ్డారు. లైన్లో నిలబడమన్నాను. ఇదేమన్న బడా, అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఎవరో నాకు తెలుసు. శోభారాణి. నా దగ్గర ఏడో తరగతి రెండుసార్లు చదివింది.

అప్పుడు శంకరమ్మ పాట ఎత్తుకుంది. ఆషాఢంలో బతుకమ్మ పాటేమిటని అడిగాను. పాట పాడుతున్నం గని పువ్వు పేర్వలేదు గద, తప్పేంది, అంది. ఇక చప్పట్లు, అడుగులు, చక్కని వృత్తం. నేనూ కలిశాను.

మధ్యాహ్నం
నాలుగు వరసలయ్యాక ప్రణీత ఇనుప చువ్వ గుచ్చి చూసింది. చుట్టూ ఎక్కడా దిగలేదు. నడుమ మాత్రం పెరుగులో చెంచాలా దిగిపోయింది.

బతుకమ్మ ఆడేటప్పుడు నడుమ ఎవరూ కాలు పెట్టరు. అక్కడ అమ్మ ఉంటుంది. ఈ రోజు అమ్మ లేదు. అయినా అక్కడ ఒక్క కాలూ పడలేదు. నాది కూడా.

నీళ్లు ఆ మెత్తని చోటే వెతుక్కుంటాయని ప్రణీత చెప్పింది. నడుమ మట్టి తీయించి మళ్లీ పలచగా పోయించింది. తొక్కండి అన్నాను. ఎవరూ కదల్లేదు. కొంగులు సర్దుకుంటూ నేల చూపులు చూస్తున్నారు. ఉత్తరాన మబ్బు పట్టింది. చివరికి శంకరమ్మే తేల్చింది: అమ్మ జాగల ఎవరన్న నిలవడాలంటే నువ్వే నిలవడు టీచరమ్మా. అమ్మ తర్వాత మేము భయపడేది నీకే.

ప్రణీత అటు తిరిగి నవ్వింది. చూశాను.

సాయంత్రం
నిలబడ్డాను. నిలబడితే చాలదట, ఎగరాలట. డెబ్బై ఒకటో ఏట ఎగిరాను. చుట్టూ పాట, నడుమ నేను. మట్టి పోసినప్పుడల్లా మళ్లీ ఎగిరాను. గట్టిగ ఎగురు టీచర్, నేను హోంవర్క్ జెయ్యలేదనుకో, అని శోభారాణి అరిచింది. ఇంకా గట్టిగా ఎగిరాను.

ఈసారి చువ్వ ఎక్కడా దిగలేదు. ప్రణీత కట్ట మీద టార్పాలిన్ పట్టాలు కప్పించేసరికి చినుకులు మొదలయ్యాయి.

జూలై 11
మోకాళ్లు. ఈ రోజు ఇంతే.

ఆగస్టు 28
పొద్దున వాగు వచ్చింది. ఎర్రగా, చెట్ల కొమ్మలు మోసుకుంటూ, కట్ట పై అంచుకు మూరెడు కింద దాకా లేచింది. గండి ఉన్నచోట చాలాసేపు సుడి తిరిగింది. మధ్యాహ్నానికి తగ్గింది.

కట్టకు ఇవతల శంకరమ్మ ఇంట్లో మక్క గారెలు. మూడు తిన్నాను. ఉప్పెక్కువ.

సెప్టెంబరు 30, సద్దుల బతుకమ్మ
శంకరమ్మ కొత్త పాట కట్టింది. అందులో టీచరమ్మ కట్ట నిలవాలని గండిలోకి దిగిందట. ఆమె మీద మట్టి కప్పారట. వానొచ్చినప్పుడల్లా లోపలి నుంచి ఎక్కాలు అప్పజెప్పమంటుందట. శోభారాణి కళ్లు తుడుచుకుంది.

నేనూ అదే వృత్తంలో తిరుగుతున్నాను. తాళం తప్పకుండా చప్పట్లు కొట్టాను.