గుసగుస కూడా వద్దు

చిన్నీ, నేను మిల్లుకి పోతున్నాను. పాలు చల్లార్చి మూత పెట్టాను, తాగు. మిరపకాయలు వేయించకు, ఆ ఘాటుకి దగ్గొస్తుంది. గొంతులో గరగరమంటే సవరించుకోకు, ఒక గుటక నీళ్లు తాగు.

పొద్దున నువ్వు ఫోనులో మీ అత్తతో గుసగుసలాడటం విన్నాను. గుసగుసంటే మాట కాదనుకున్నావా? దానిక్కూడా గొంతులో కుట్లు లాగుతాయని డాక్టరమ్మ చెప్పలేదూ? అవి తెగితే ఆపరేషనంతా బూడిదలో పోసిన పన్నీరే, మళ్లీ ఆ మగ గొంతే. ఇదివరకు ఫోను మోగితే నా చేతిలో పెట్టి గదిలోకి పోయేదానివి. కొట్టువాడు "ఏం కావాలి బాబూ" అన్న రోజు అన్నం మానేసేదానివి. అదంతా మళ్లీ చూసే ఓపిక నాకు లేదే తల్లీ. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను, నోరు మెదపకు.

కుట్లు మానాక కూడా మొదట బొంగురుగానే వస్తుందట, సన్నబడటానికి నెలలు పడుతుందట. బెంబేలెత్తకు.

ఎప్పుడూ అత్తతో గంటలు, ఈ నాన్నతో ముక్తసరిగా రెండు ముక్కలు. సరేలే.

మా మిల్లులో రంపం మోతకి ఎవరి మాటా వినబడదు. అందరం చేతులతోనే మాట్లాడుకుంటాం, తిట్లతో సహా. సాయంత్రం వచ్చి నేర్పుతాను. అందాకా ఏం కావాలన్నా గరిటెతో గోడ మీద కొట్టు, పక్కింటి పిన్ని వస్తుంది.

ఇదంతా నీ ముందే నిలబడి అరిచేవాణ్ణి. కానీ నేనరిస్తే నువ్వు వెక్కి వెక్కి ఏడుస్తావు. ఆ వెక్కిళ్లకి కూడా కుట్లు తెగుతాయేమోనని భయమేసి, రాసిపెట్టి పోతున్నాను.