కాముని నిప్పుకు వారసురాలు

బోధన్ కస్బా, శక్కర్‌నగర్ తోవలోని మా గల్లీలో కాపురముంటున్న రాధాబాయి, కీర్తిశేషులు ఆత్మారాం భార్య, తెలివితో చెప్పి వ్రాయించిన వీలునామా. నా ఒంట్లో బలం తగ్గింది గాని బుద్ధి తగ్గలేదు. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. కాముని పున్నమి దాకా ఉంటానని డాక్టరు గట్టిగా చెప్పలేదు గనుక ఇప్పుడే వ్రాయిస్తున్నాను. దీన్ని అమలు జరపవలసినది దర్జీ దేవిదాస్. వ్రాస్తున్నదీ ఆయనే.

1. ఇల్లు నవీపేట్‌లో ఉన్న నా బిడ్డ అంజవ్వకు చెందును. వాకిట్లో మాత్రం గోడ కట్టరాదు. గల్లీ పండుగలన్నీ ఇన్నేళ్లు నేను ఆ వాకిట్లో కూర్చునే ఏర్పాటు చేశాను.

2. బతుకమ్మ పేర్చే ఇత్తడి తాంబాలం గల్లీ ఆడవాళ్లందరిదీ. సద్దుల నాడు రొట్టెలు నలిపి బెల్లం కలిపి మలీద చేసే పని పక్కింటి సుబ్బరత్నానిది. కోస్తా నుంచి కాలువ కింద చెరకు సాగుకు వచ్చిన చెంచురామయ్య భార్య ఆమె. వచ్చిన మొదటి ఏడాది బతుకమ్మ ఆటలో చప్పట్లు తప్పు కొట్టి అందరినీ నవ్వించింది. ఇప్పుడు ఆమె మలీదకే పిల్లలు ముందు చేయి చాస్తారు. బెల్లం తక్కువ వేస్తుంది, అది చూసుకోవాలి.

3. పొలాల అమావాస్యకు ఎడ్ల మెడలో కట్టే గజ్జెల పట్టెడలు మా మరిది కొడుకు భూమన్నకు. చిన్నప్పుడు వాడికి నీళ్లు పోసింది నేనే. వాడి మీద నాకు కోపముంది, ప్రేమ అంతకంటే ఎక్కువుంది. ఊరేగింపులో చెంచురామయ్య ఎడ్లు ఎప్పటిలాగే వాడి ఎడ్ల వెనుక నడవాలి.

4. మా గల్లీలో పున్నమి రాత్రి కాల్చే కామునికి కట్టెలు అడిగి తేరు, దొంగిలిస్తారు. ప్రతి ఇంటి నుంచి ఒక్కటైనా పోవాలి. పోయినవాళ్లు ఉత్తుత్తి తిట్లు తిట్టాలి. ఎవరి కట్టె పోలేదో వాళ్లు గల్లీవాళ్లు కారన్నట్టే. నిరుడు సుబ్బరత్నం పీట పోతే మురిసిపోతూ తిట్టింది. ఈసారి విరిగిన మంచం కోడు ఒకటి శివరాత్రి నాడే అరుగు మీద పెట్టింది. ఎవరూ ముట్టలేదు. “మా కోడు ఎత్తుకుపోరేంటి అక్కయ్యా?” అని నిన్న నన్నడిగింది.

భూమన్నను పిలిచి అడిగాను. “గా ఇంటి కట్టె ముట్టద్దని పోరగాండ్లకు నేనే చెప్పిన పెద్దవ్వా. ఆల్లు మనోల్లు గారు. గీసారి కాముడు ఎట్ల కాలుతడో సూడు” అన్నాడు. పట్నంలో లేచిన ప్రత్యేక తెలంగాణ గొడవ రాతలై ఇక్కడి గోడల మీదికీ వచ్చింది. ఏటా మూడు తోవల కాడ పేర్చే కుప్పను వాడు ఈసారి చెంచురామయ్య కొట్టం వెనుక పేర్పిస్తున్నాడు. కొట్టం మీద కప్పింది ఎండిన చెరకు ఆకు. దాన్ని ఆనుకునే వాళ్లు పడుకునే గది. కుప్ప రోజూ ఎత్తు పెరుగుతోంది. నాకు భయంగా ఉంది.

5. కామునికి నిప్పు మా అత్త నాటి నుంచి నా పొయ్యిలోనిదే. గల్లీలో పెద్ద ఆడమనిషి చేత్తో ఇవ్వాలి. అగ్గిపుల్ల గీసి అంటిస్తే ఆ ఏడు గల్లీలో పసిపిల్లలు దక్కరని మావాళ్ల నమ్మకం. భూమన్న మరీ నమ్ముతాడు. వాడి భార్యకు నెలలు నిండాయి.

నా తరువాత గల్లీలో పెద్దది సుబ్బరత్నమే. కనుక నా పొయ్యిలోని నిప్పును, కామునికి నిప్పిచ్చే హక్కును, నేను బతికుండగానే ఆమెకు ఇస్తున్నాను. నిప్పు కుండ ఈ పొద్దున ఆమె ఇంటికి చేరింది. నా పొయ్యి చల్లారింది. భూమన్న కుప్పను మూడు తోవల కాడికి మార్చి, నిప్పుకు కుండపెంకు పట్టుకొని ఆమె గడప ముందు నిలబడి “అవ్వా, నిప్పియ్యి” అని అడగాలి. ఆమె ముందు మంచం కోడు వాడి చేతికిచ్చి, తరువాత నిప్పు ఇస్తుంది. ఇది కాదని వాడు అగ్గిపుల్ల గీస్తే, ముందుగా కాలేది ఎవరి ఇల్లో వాడే ఆలోచించుకోవాలి.

బోధన్, 22-2-1969
రాధాబాయి వేలిముద్ర
సాక్షులు: లక్ష్మీరాజం (కిరాణా దుకాణం), పోశన్న (బండి తోలేవాడు)
దస్తూరి: దేవిదాస్

దస్తూరిదారు వ్రాసినది: భూమన్నను పిలిపించి ఇదంతా చదివి వినిపించాము. గడపలో నిలబడి చివరిదాకా విన్నాడు. ఒప్పుకున్నట్టు వేలిముద్ర వేయమంటే వేయకుండా వెళ్లిపోయాడు. నేను ఇంటికి పోతూ చూశాను. మంచం కోడు ఇంకా సుబ్బరత్నం అరుగు మీదే ఉంది.