ఎర్రదారం సంచి

ఆర్మూర్
చిరంజీవి రుచితకు తాత హన్మయ్య దీవించి రాసేది.

ఇక్కడ అందరం మంచిగున్నం. ఫోన్ల నీ మాట సగమే ఇనవడుతది, అందుకే ఈ ఉత్తరం. నీ పరిశోధన కోసం అడిగిన పసుపు బస్సు కార్గోల పంపిన. పొలం పసుపు ఒక సంచి, మీ నాయనమ్మ పెరట్ల పెంచింది ఒక సంచి. పొలం కొమ్ములు పొద్దంత కూసొని ఒక్కొక్కటి ఏరిన. వంకర కొమ్ము దొరికితే నా పేరు మార్చుకుంట. రంగుల మన పొలం పసుపే ఫస్ట్ వస్తదని మార్కెట్ యార్డుల అందరికీ చెప్పిన. నా ఇజ్జత్ నీ చేతుల ఉన్నది బిడ్డా.

నీ తాత, హన్మయ్య

తా.క.: పెరటి పసుపు ఏరే తీరిక లేకుండె. కుప్ప అడుగున ఊడ్చిందే నింపిన. దానికి గంతే చాలు.

హైదరాబాద్
తాతకు నమస్కారం.

సంచి విప్పగానే మా సార్ "ఇవి పసుపు కొమ్ములా, పెళ్ళికొడుకులా?" అన్నారు. తాతా, అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం. కానీ ఆ మెతుకును ఏరుకోం కదా! ఒక కుప్పలో మేలైనవి, ఇంకో కుప్పలో అడుగువి పంపితే అది పరీక్ష కాదు, పక్షపాతం. ఏ కుప్పకాకుప్ప బాగా కలిపి, కళ్ళు మూసుకుని చేతికందినవి తియ్యి. ఇలాగే పంపుతుంటే మన పసుపును పరిశోధనలోంచే తీసేస్తామంటున్నారు.

నీ రుచిత

తా.క.: పనికిరాదన్న పొలం పసుపును సార్ తమ ఇంటికి పట్టుకుపోయారు.

ఆర్మూర్
రుచితకు తాత దీవెనలు.

నేనైతే మోసం చేస్తనని మీ నాయనమ్మనే కుప్పల ముందట కూసోబెట్టి కండ్లకు తువ్వాల కట్టిన. చెయ్యి పెట్టింది, ఒక కొమ్ము తీసింది, నలిపింది, "ఇది పుచ్చు" అని పక్కకేసింది. ఇంకోటి "ఇది బోలు" అన్నది. రెండు కుప్పల్ల మంచియే సంచులకెక్కినయి. "గిదేం పనే లసుమవ్వా" అంటే, "పిల్ల కండ్లు మూసుకొమ్మన్నది గని చేతులు మూసుకొమ్మన్నదా?" అన్నది. ఇన్నేండ్లు పసుపు పట్టిన చెయ్యి, ఊకె ఎట్లుంటది?

నీ తాత

తా.క.: ఇప్పుడు నేను ఇంట్లకు రాంగనే తువ్వాల కట్టుకుంటున్నది. నా మొఖం కనవడకుంటే మస్తు హాయిగున్నదట.

హైదరాబాద్
తాతకు, నాయనమ్మ చేతికి నమస్కారం.

ఆ సంచులనూ పక్కన పెట్టేశాం. ఇక మనిషి చేతిని కాదు, చీటీని నమ్ముదాం. ప్రతి కుప్పనూ చిన్న పోగులు చేసి అంకెలు వెయ్యి. అవే అంకెలు చీటీల మీద రాసి చెంబులో కలుపు. ఏ చీటీ వస్తే ఆ పోగు మొత్తం సంచిలోకి. పుచ్చు వచ్చినా మార్చొద్దు. ఒక్క చీటీకి మంచి కుప్పలోంచి కూడా చెడ్డది రావచ్చు. చీటీలు పెరిగే కొద్దీ కుప్ప అసలు రంగు బయటపడుతుంది. సంభావ్యత అంటే అంతే తాతా.

సంచుల మీద పేర్లు వద్దు. ఒకదానికి ఎర్రదారం, ఇంకోదానికి నల్లదారం కట్టు. ఏది ఎవరిదో నీకొక్కడికే తెలియాలి. తెలిస్తే నా మనసూ ఒకవైపు మొగ్గుతుంది, నీ మనవరాలిని కదా.

నీ రుచిత

తా.క.: నాయనమ్మను చెంబు దగ్గరికి రానివ్వకు.

ఆర్మూర్
బిడ్డా,

చీటీలు తీసిన. మొదటి చీటీకే పుచ్చు పోగు వచ్చింది. ఏ కుప్పదో చెప్ప. మారుద్దామని చెయ్యి పోయింది గని నీ మాట యాదికొచ్చి ఆగిన. దారాలు కట్టి పంపిన.

నీ తాత

తా.క.: "రిజల్ట్ వచ్చిందా హన్మయ్యా" అని యార్డుల రోజూ అడుగుతున్నరు. దొంగతొవ్వల ఇంటికొస్తున్న.

హైదరాబాద్
తాతకు నమస్కారం.

పరీక్ష అయింది! రంగులో ఎర్రదారం సంచి నల్లదారం కంటే ఎంతో ముందుంది. సార్ నమ్మక మళ్ళీ చేయించారు, మళ్ళీ అదే. మేం పసుపు తెచ్చిన ఊళ్ళన్నింటిలోనూ అదే ఫస్ట్. థీసిస్‌లో రైతు పేరు రాయాలి. ఎర్రదారం ఎవరిది? నాకు తెలుసులే, అయినా నీ చేత్తో రాసి పంపు.

నీ రుచిత

తా.క.: యార్డుకు ఇక రాజబాటలోనే పో.

ఆర్మూర్
నా బంగారు బిడ్డకు తాత దీవెనలు.

నీ ఉత్తరం జేబుల పెట్టుకొని రెండు దినాలు తిరిగిన. ఎర్రదారం ఎవరిదో నాకొక్కనికే ఎరుక. నా పేరు రాసినా అడిగేటోడు లేడు. కానీ పుచ్చు పోగు కాడ ఆగిన చెయ్యి, పేరు కాడ ఎందుకు జారాలె? రాసుకో: లసుమవ్వ, పెరటి పసుపు, ఆర్మూర్.

పొద్దుగాల యార్డు నడుమ నిలబడి చెప్పిన: "ఓడిపోయిన! ఓడగొట్టింది మా ముసల్ది, పరీక్ష పెట్టింది నా మనవరాలు!" అందరు నవ్విండ్రు. నేను గెలిచినా నా ఛాతి గింత పొంగకపోవు బిడ్డా.

ఓడిన నీ తాత, హన్మయ్య

తా.క.: ఇయ్యాల ఇంట్లకు పోతే మీ నాయనమ్మ తువ్వాల కట్టుకోలే. ఓడినోని మొఖం కండ్లార చూడాలెనట.